ఆరుబయటి గూట్లో గినీ పందులు చలిని తట్టుకోగలవా?

ప్రశ్న: ఇంటి వెనుక ఆరుబయట చెక్క గూట్లో రెండు ఆడ గినీ పందులను పెంచుతున్నాను. ఒకదానికి ఐదేళ్లు దాటాయి, రెండోదానికి ఏడాదిన్నర. రాత్రిపూట చలి పెరిగిందని గాలి చొరబడకుండా గూటి చుట్టూ ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టాను. పొద్దున విప్పి చూస్తే లోపలి పైకప్పుకు నీటిబొట్లు పట్టి ఉన్నాయి, కింద పరిచిన గడ్డి చెమ్మగిల్లింది, చిన్నది తుమ్ముతోంది. పెద్దది రెండు వారాలుగా కాళ్లు బిగుసుకుపోయినట్టు నెమ్మదిగా నడుస్తోంది, చలికే అనుకుంటున్నాను. ఇంట్లోకి తెద్దామంటే మా అత్తగారికి ఉబ్బసం. గూట్లో బల్బు పెట్టవచ్చా? వెచ్చగా ఉంటుందని ఒక కుందేలును తోడుగా వదిలితే మంచిదేనా? ఈ చలికాలం వీటిని ఎలా గట్టెక్కించాలి?

సమాధానం: మీరు బల్బు గురించి, కుందేలు గురించి అడిగారు. వాటికి సమాధానం చెబుతాను. అయితే ఉత్తరం చదువుతుండగా నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి మీరు ప్రశ్నగా అడగని రెండు సంగతులు, చిన్నదాని తుమ్ములు, పెద్దదాని నడక. ముందు వాటి మాట చూద్దాం.

ఎండుగడ్డి దుమ్ముకు గినీ పంది అప్పుడప్పుడు ఒకటి రెండుసార్లు తుమ్మడం మామూలే. శుభ్రం చేసుకునేటప్పుడు దాని కళ్ల నుంచి పాలలాంటి తెల్లని ద్రవం కొద్దిగా వస్తుంది, దానితోనే ముఖం తుడుచుకుంటుంది, అది కూడా జబ్బు కాదు. కానీ తుమ్ములు ఆగకుండా వస్తున్నా, ముక్కు చుట్టూ తడి గానీ పక్కు గానీ కనబడినా, కళ్ల అంచులు అంటుకుపోతున్నా, ఊపిరి తీసేటప్పుడు గరగర వినబడినా, ఒళ్లంతా బొచ్చు నిక్కబొడుచుకుని మూలన ముడుచుకుని కూర్చున్నా, ఆ రోజే పశువైద్యులకు చూపించాలి. గినీ పందులు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాయి, మనలాగా నోటితో తీసుకుని సరిపెట్టుకోలేవు. అందుకే మనకు చిన్న జలుబుగా తోచేది వాటికి ప్రాణం మీదికి వస్తుంది, న్యుమోనియా వీటిలో చాలా వేగంగా ముదురుతుంది. ఇంట్లో మనుషుల కోసం ఉన్న మందుల్లో ఏదీ వేయకండి. అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే వాటి పేగుల్లో జీర్ణానికి తోడ్పడే సూక్ష్మజీవులు దెబ్బతిని, జబ్బు తగ్గకముందే ప్రాణం పోవచ్చు. గినీ పందులకు వైద్యం చేసిన అనుభవం ఉన్న వైద్యులు దొరికితే వారి దగ్గరికే వెళ్లండి.

ఇక పెద్దదాని నడకను చలి ఖాతాలో వేసి వదిలేయవద్దు. ఐదేళ్లు దాటిన గినీ పందికి కీళ్ల అరుగుదల ఉండవచ్చు. తడి పరుపు మీద ఎక్కువ కాలం ఉంటే అరికాళ్లు వాచి పుండు పడవచ్చు, కనుక పాదాలు తిప్పి చూడండి. వీటన్నిటికంటే తరచుగా మన కన్నుగప్పే కారణం విటమిన్ సి లోపం. మనుషుల్లాగే గినీ పందులు కూడా ఈ విటమిన్‌ను ఒంట్లో తయారు చేసుకోలేవు, తిండిలోనే అందాలి. అది తగ్గితే కీళ్లు నొప్పిపెట్టి వాస్తాయి, నడవడానికి ఇష్టపడవు, బొచ్చు గరుకుగా మారుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. చలికి ముడుచుకున్నట్టే కనబడుతుంది కాబట్టి చాలామంది మరో దుప్పటి కప్పి ఊరుకుంటారు. ఒకే ప్రయాణంలో రెండింటినీ వైద్యులకు చూపించండి.

ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా సంగతి. మీరు ప్రేమతోనే చేశారు, ఈ పొరపాటు చేయని పెంపకందారులు తక్కువ. రెండు జంతువులు రాత్రంతా ఊపిరి వదులుతాయి, మూత్రం పోస్తాయి. ఆ వెచ్చని తేమ బయటికి పోయే దారి లేక చల్లని పైకప్పును తాకి నీరై, మళ్లీ వాటి మీదే, వాటి పడక మీదే పడుతుంది. తడిసిన బొచ్చు గాలిని పట్టి ఉంచలేదు, గాలి లేని బొచ్చు వెచ్చదనం ఇవ్వదు. దీనికి తోడు మూత్రం నుంచి వచ్చే అమోనియా ఆవిరి మూసిన గూట్లో చేరి ముక్కు, ఊపిరితిత్తుల లోపలి పొరను రేపుతుంది. మూత్రం పడిన చోటికి ఒకటి రెండు అంగుళాల ఎత్తులోనే వాటి ముక్కు ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ ఘాటు ఎంతగా తగులుతుందో ఊహించవచ్చు. అలా రేగిన ఊపిరితిత్తుల్లోకి రోగక్రిములు సులువుగా దిగుతాయి. అందుకే నేను ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే: పొడిగా ఉన్న చలికంటే చెమ్మతో కూడిన చలి చాలా ప్రమాదం, ఈదురుగాలిని ఆపడం వేరు, గాలే ఆడకుండా మూసేయడం వేరు. మీ చేతిని గూట్లో పెట్టి చూడండి. గాలి చేతికి సూటిగా కొట్టకూడదు, అలాగని గూటి దగ్గర ముక్కు పెడితే మూత్రపు ఘాటు తగలకూడదు.

ఇక అసలు ప్రశ్న, ఇవి ఎంత చలిని తట్టుకోగలవన్నది. గినీ పందులకు హాయిగా ఉండేది సుమారు 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య. గూటి లోపల 15 డిగ్రీలకంటే తగ్గుతుందంటే వాటిని లోపలికి తేవలసిన సమయం వచ్చిందని అర్థం. వీటి పూర్వీకులు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల నుంచి వచ్చాయి కదా, చలి వీటికి అలవాటే కదా అని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో ఒక సంగతి మరుగునపడుతుంది. అడవి జాతులు గుంపుగా, దట్టమైన గడ్డి మాటున, బొరియల్లో తలదాచుకుంటాయి, ఎండ ఎక్కడ పడితే అక్కడికి వెళ్తాయి. మనం పెంచే గినీ పందులను ఆ కొండల ప్రజలు వేల ఏళ్లుగా ఇళ్లలోనే, వంటింటి వెచ్చదనంలోనే పెంచుకుంటూ వచ్చారు. మన గూట్లో ఉన్నది ఆ ఇంటి జంతువు. దానికి బొరియ తవ్వే గుణం లేదు, శీతాకాలం అంతా నిద్రలో గడిపే శక్తి లేదు, పైగా పలుచని చెవులు, బొచ్చు లేని పాదాల నుంచి ఒంటి వేడి త్వరగా పోతుంది. కిలో అటూ ఇటూ బరువుండే చిన్న ఒళ్లు కాబట్టి ఆ పోయిన వేడిని మళ్లీ పుట్టించుకోవడానికి చాలా తిండి ఖర్చవుతుంది. ఐదేళ్ల ముసలిదానికి, ఒంట్లో బాగాలేనిదానికి, చూలుతో ఉన్నదానికి, పిల్లలకు ఆ శక్తి ఇంకా తక్కువ. బొచ్చే లేని స్కిన్నీ పిగ్ రకాన్ని అసలు ఏ కాలంలోనూ బయట ఉంచకూడదు.

కాబట్టి నా సలహా స్పష్టంగా చెబుతాను. మీ రెండింటినీ, అందులోనూ ముఖ్యంగా పెద్దదానిని, చలికాలం ముగిసేదాకా లోపలికి తెచ్చేయండి. ఉబ్బసం ఉన్న మీ అత్తగారి ఇబ్బంది నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పను, ఎండుగడ్డి దుమ్ము, గినీ పందుల నూగు రెండూ ఊపిరిని ఇబ్బంది పెట్టగలవు. అయితే లోపల అంటే నడి ఇల్లు, పడకగది అని అర్థం కాదు. వాటికి వేడి చేసిన గది అక్కర్లేదు. తలుపు వేసుకోగలిగిన వరండా, సామాన్ల గది, పెరటివైపు విడిగా ఉండే గది, కిటికీ ఉన్న షెడ్డు, వీటిలో ఏదైనా గాలివాన తగలకుండా పొడిగా ఉండి, 15 డిగ్రీలకు పైన నిలిస్తే సరిపోతుంది. ఆమె ఆ గదిలోకి వెళ్లకుండా, గడ్డి మార్చే పని మరొకరు చేసి, తరువాత చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. దుమ్ము దులిపిన గడ్డినే లోపలికి తెండి, ఆమెను చూసే వైద్యులతో కూడా ఒక మాట చెప్పండి. కారు, మోటారు సైకిలు పెట్టే షెడ్డును మాత్రం వాడవద్దు. బండి స్టార్ట్ చేసినప్పుడు వచ్చే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మూసిన చోట వాటిని చంపేయగలదు. బొగ్గుల కుంపటి, కిరోసిన్ స్టవ్ పెట్టిన గదిలోనూ అదే ప్రమాదం.

లోపలికి తెచ్చాక మరొక తప్పు జరుగుతుంటుంది. పగలంతా వెచ్చని గదిలో ఉంచి, రాత్రికి మళ్లీ చల్లని గూట్లో వదులుతారు, లేదా ముద్దు చేయడానికి గంటసేపు హీటరు పక్కన కూర్చోబెట్టుకుని వెంటనే బయట పెడతారు. ఇలా రోజూ వేడికీ చలికీ మధ్య తిప్పడం ఒకేచోట కాస్త చల్లగా ఉంచడంకంటే చెడ్డది. లోపలికి తెచ్చారంటే కాలం మారేదాకా లోపలే ఉంచండి. ఎండ బాగా కాసి, నేల పొడిగా ఉన్న మధ్యాహ్నం ఒక అరగంట పచ్చిక మీద తిరగనివ్వడం మంచిదే, దాగడానికి ఒక పెట్టె దగ్గర పెట్టి మీరు పక్కనే ఉండండి. మంచు కరగని పచ్చికను మాత్రం మేయనివ్వకండి, కడుపు పాడవుతుంది.

వెంటనే చోటు సర్దలేకపోతే, ఒకటి రెండు రాత్రులు బయటే గడపవలసి వస్తే, ఈ సాయంత్రమే గూటిని ఇలా మార్చండి. ముందుగా పాత పడక మొత్తం తీసేసి, చెక్కను తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. గూడు నేల మీద ఉంటే కింద ఇటుకలు పెట్టి జానెడు ఎత్తు లేపండి, నేల చెమ్మ చెక్కలోకి ఎక్కకుండా ఉంటుంది. వీలైతే ఇంటి గోడకు ఆనించి, జాలీ ఉన్న వైపు గాలి వీచే దిక్కుకు ఎదురుగా లేకుండా తిప్పండి. ఈ ఒక్క మార్పుతోనే చాలా తేడా కనబడుతుంది. పైకప్పు మీద తార్పాలిన్ వేసి వెనక, పక్కల కిందిదాకా దింపండి. చెక్కకూ తార్పాలిన్‌కూ మధ్య పాత దుప్పటి గానీ రగ్గు గానీ పెడితే చలి ఇంకా ఆగుతుంది, కానీ అది తడవకూడదు. ముందువైపు జాలీలో మూడు వంతులు కప్పి, పైన నాలుగు వేళ్ల మందం సందు వదలండి. వెచ్చని తేమ పైకే పోతుంది కాబట్టి ఆ సందు పైన ఉండాలి, కింద ఉంటే గాలి సూటిగా వాటి మీదికి వస్తుంది. పొద్దున లేవగానే పైకప్పు లోపలివైపు అరచేత్తో రాసి చూడండి. చేతికి తడి అంటితే మర్నాడు సందు ఇంకొంచెం పెంచండి.

గూడు పెద్దదైతే అందులో మరొక చిన్న పడకపెట్టె ఉండాలి. గూడంతా వెచ్చబరచడానికి రెండు గినీ పందుల ఒంటి వేడి చాలదు, కానీ రెండూ పక్కపక్కన పట్టేంత చిన్న పెట్టెలో ఆ వేడే నిలుస్తుంది. మూడు వైపులా మూసి, ఒక వైపు గుమ్మం ఉన్న చెక్కపెట్టె చాలు. దాని అడుగున నాలుగైదు పొరల వార్తాపత్రికలు పరచి, వాటి మీద అవి పూర్తిగా దూరిపోయేంత మందంగా, ఒక జానెడు ఎత్తున మెత్తని ఎండుగడ్డి వేయండి. ధాన్యం దులిపాక మిగిలే కాడల్లో లోపల బోలుగా ఉండి గాలి నిలుస్తుంది కాబట్టి అవి ఇంకా వెచ్చగా ఉంటాయి, కానీ వాటి మొనలు కళ్లకు గుచ్చుకుంటాయి. అందుకని కింది పొరకు ఆ కాడలు, పై పొరకు మెత్తని ఎండబెట్టిన పచ్చిక వాడడం నాకు నచ్చిన పద్ధతి. దూది, పీచులా సాగే పరుపు వంటివి వద్దు, కాళ్లకు చుట్టుకుంటాయి, మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. వాసన గుప్పుమనే దేవదారు, పైన్ చెక్కల పొట్టు కూడా వద్దు, ఆ నూనెల ఆవిరి ఊపిరితిత్తులకు పడదు. ఉన్నిగుడ్డ లోపల బాగానే ఉంటుంది, బయట మాత్రం తడిసి చల్లబడి చెరుపు చేస్తుంది. ఏది వేసినా, తడిసిన భాగాన్ని రోజూ పొద్దున తీసేసి, సాయంత్రం పొడి గడ్డి కలపాలి. వారానికి ఒకసారి శుభ్రం చేస్తే చాలనే లెక్క చలికాలంలో పనికిరాదు.

బల్బు వద్దు. ఎండుగడ్డి నిండిన చెక్కపెట్టెలో వేడెక్కే బల్బు పెట్టడం నిప్పుకు ఆహ్వానం పలికినట్టే. గినీ పందులు కనబడిన తీగనల్లా కొరుకుతాయి, రాత్రంతా వెలుతురు ఉంటే వాటికి విశ్రాంతి ఉండదు, ఇరుకు గూట్లో వేడి ఎక్కువైతే తప్పించుకునే చోటు కూడా ఉండదు. గుర్తుంచుకోండి, ఇవి చలికంటే వేడికి ఇంకా త్వరగా కుదేలవుతాయి. దానికి బదులు, మైక్రోవేవ్‌లో వెచ్చబెట్టి పెంపుడు జంతువుల కోసం వాడే గట్టి బిళ్లలు దొరుకుతాయి, వాటిని మందపాటి గుడ్డ సంచిలో పెట్టి పడకపెట్టెలో ఒక పక్కన ఉంచండి. అవి లేకపోతే గోరువెచ్చని నీళ్లు నింపిన సీసాకు రెండు మడతలు గుడ్డ చుట్టి పెట్టవచ్చు. రెండు షరతులు మరవవద్దు: అది పెట్టె మొత్తాన్ని ఆక్రమించకూడదు, వేడి అనిపిస్తే పక్కకు జరగడానికి చోటు ఉండాలి. అలాగే తెల్లవారుజామున చలి ఎక్కువగా ఉండే వేళకే అది చల్లారిపోతుంది కాబట్టి గడ్డినీ పెట్టెనూ నమ్ముకోవాలే గానీ దాన్ని కాదు. రబ్బరు సంచిని సూటిగా పెట్టవద్దు, కొరికితే గూడంతా తడిసిపోతుంది.

కుందేలు మాటకు కూడా నా సమాధానం వద్దనే. అది వెనక కాళ్లతో ఒక్క తన్ను తన్నితే గినీ పందికి ఎముకలు విరగవచ్చు. ఆడుకుంటూనే అయినా ఎక్కి తొక్కుతుంది, తిండి దగ్గర తరిమేస్తుంది. కుందేళ్లలో ఏ లక్షణమూ లేకుండానే ఉండే బోర్డెటెల్లా అనే బాక్టీరియా గినీ పందులకు సోకితే న్యుమోనియా తెస్తుంది, కుక్కల నుంచి కూడా అది రావచ్చు. మీ చిన్నది ఇప్పటికే తుమ్ముతోంది కాబట్టి ఈ ఆలోచనే వదిలేయండి. కుందేళ్ల దాణాలో విటమిన్ సి కలపరు, అది తింటే కడుపు నిండుతుంది గానీ లోపం తీరదు. వెచ్చదనానికి తోడు కావాలంటే గినీ పందికి గినీ పందే సరైనది. ఆ విషయంలో మీ రెండూ ఒకదానికొకటి ఉన్నాయి, అది చాలా మంచి సంగతి. అందుకే వైద్యులు ప్రత్యేకంగా చెబితే తప్ప జబ్బు పేరుతో వాటిని విడదీయకండి, ఇప్పటిదాకా ఒకే గూట్లో ఉన్నాయి కాబట్టి సోకవలసింది ఈపాటికే సోకి ఉంటుంది.

తిండి సంగతికి వస్తే, చలికాలపు పొయ్యి వాటి కడుపులోనే ఉంది. పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచిలో గడ్డిపీచును సూక్ష్మజీవులు పులియబెడతాయి, ఆ పనిలో పుట్టే వేడి ఒంటికి అందుతుంది. కనుక రాత్రి పడుకునే ముందు, పడకకు వేసిన గడ్డి కాక, తినడానికి వేరుగా నిండుగా ఎండు పచ్చిక పెట్టండి, పొద్దునకు కొంత మిగిలేంత ఉండాలి. దాణా పెంచి లావు చేయడం చలికి మందు కాదు. విటమిన్ సి రోజుకు ప్రతి కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల నుంచి, చూలు గానీ జబ్బు గానీ ఉంటే 30 మిల్లీగ్రాముల దాకా కావాలి. రోజూ ఒక్కోదానికి ఒక మంచి క్యాప్సికం ముక్క, అందులోనూ ఎర్రది పెడితే చాలావరకు తీరుతుంది. కూరగాయలను ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే కాక, చల్లదనం పోయాక పెట్టండి. దాణాలో కలిపిన విటమిన్ నిల్వ ఉన్నకొద్దీ తగ్గిపోతుంది, తయారైన మూడు నెలల తరువాత దాన్ని నమ్మకండి. నీళ్లలో చుక్కలు కలిపే పద్ధతి కూడా నాకు నమ్మకం లేనిదే, అది నీళ్లలో త్వరగా నశిస్తుంది, రుచి మారిందని అవి నీళ్లు తాగడమే మానేయవచ్చు.

నీళ్ల సీసా చూడడానికి నిండుగా ఉంటుంది, కానీ గొట్టం చివరి గోళీ గడ్డకట్టిపోతే ఒక్క చుక్క రాదు. రోజుకు రెండుసార్లు మీ వేలితో గోళీని తాకి నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి. నీళ్లు తాగని గినీ పంది గడ్డి కూడా తినదు, తినకపోతే వేడి పుట్టదు. గడ్డకట్టే చలి ఉన్న రాత్రుల్లో సీసాకు ఉన్ని మేజోడు తొడిగి, బరువైన మట్టి గిన్నెలో కూడా నీళ్లు పెట్టండి.

పాదరసం ఎంత పడిందో ఊహించడం కంటే కొలవడం మేలు. రాత్రి అత్యల్ప ఉష్ణోగ్రతను గుర్తుంచుకునే చిన్న థర్మామీటర్‌ను పడకపెట్టె పక్కన, వాటి ఎత్తులోనే, పళ్లకు అందకుండా తగిలించండి. వాటి బరువును కూడా వారానికి ఒకసారి వంటింటి తక్కెడలో తూచి రాసుకోండి. జబ్బును దాచుకునే జంతువు ఇది, బొచ్చు కింద చిక్కిపోవడం కంటికి కనబడదు, తక్కెడకు మాత్రం తెలుస్తుంది. ఒక వారంలో 50 గ్రాములు తగ్గితే రోజూ తూయండి, 100 గ్రాములు తగ్గితే వైద్యుల దగ్గరికి వెళ్లండి. పన్నెండు గంటలుగా ఏమీ తినలేదంటే బరువు కోసం కూడా ఆగవద్దు.

ఎప్పుడైనా పొద్దున చెవులు, పాదాలు చల్లగా, ఒళ్లు వదులుగా, పిలిచినా కదలకుండా కనబడితే అది ఒంటి వేడి పడిపోయిన స్థితి. వెంటనే పొడి తువ్వాలులో చుట్టి మీ ఒంటికి ఆనించి పట్టుకోండి, గుడ్డ చుట్టిన గోరువెచ్చని సీసాను పక్కన పెట్టండి, నెమ్మదిగా వెచ్చబడనివ్వండి. వేడినీళ్లలో ముంచడం, హెయిర్ డ్రయర్‌తో వేడి గాలి కొట్టడం, హీటరు ముందు పెట్టడం చేయకండి. మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలా పట్టుకునే వైద్యుల దగ్గరికి బయలుదేరండి, కాస్త తేరుకున్నట్టు కనబడినా ప్రయాణం ఆపవద్దు.

మళ్లీ ఎప్పుడు బయట పెట్టవచ్చని కూడా మీరు తప్పకుండా ఆలోచిస్తారు. ఒకటి రెండు వెచ్చని పగళ్లు చూసి తొందరపడకుండా, ఖాళీ గూట్లో థర్మామీటర్ ఉంచి, వరుసగా వారం రోజులు రాత్రి అత్యల్పం 15 డిగ్రీలకు పైనే ఉందని చూసుకోండి. ఆ తరువాత కూడా మొదటి వారం పగటిపూట మాత్రమే, అదీ లోపలి గదికీ బయటికీ పెద్ద తేడా లేని గంటల్లోనే బయట ఉంచి, ఆపైన రాత్రులు మొదలుపెట్టండి. చిన్నదానిని అలాగే పంపవచ్చు. పెద్దదాని కీళ్ల గురించి వైద్యులు ఏం చెబుతారో చూసి, అవసరమైతే రెండింటినీ ఇకపై లోపలి గదిలోనే ఉంచండి.